మీ ప్రశ్న – మా జవాబు: న్యూయార్క్ ‘మెట్’లో ఏముంది, ఎన్నాళ్లుంటుంది?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లూ, అక్కడే స్థిరపడినవాళ్లూ ఈసారి ఎక్కువగా అడిగింది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ గురించి. అందరూ ‘మెట్’ అనే పిలుస్తారు కాబట్టి మేమూ అలాగే రాస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మెట్ వెబ్‌సైట్‌లో ప్రదర్శనల పేజీ చూశాను. కొన్నిటి కింద ముగిసే తేదీ ఉంది. కొన్నిటికి తేదీ లేకుండా ‘ఆన్‌గోయింగ్’ అని ఉంది. మేం సంక్రాంతి తర్వాత మా అబ్బాయి దగ్గరికి వెళ్తాం. ఈ ఆన్‌గోయింగ్‌వి అప్పటికీ ఉంటాయా? – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రదర్శన ఉంటుంది. మీరు మనసులో పెట్టుకున్న వస్తువు అందులో ఉంటుందో లేదో మాత్రం విడిగా చూసుకోవాలి. తేడా ఇక్కడే వస్తుంది.

తేదీ వేసినవి ప్రత్యేక ప్రదర్శనలు. చాలావరకు వేరే మ్యూజియంల నుంచి, సొంతదారుల నుంచి అరువు తెచ్చిన వస్తువులతో పెడతారు. మూడు నాలుగు నెలలు నడుస్తాయి. వస్తువు ఏ రోజున తిరిగి బయల్దేరాలో అరువు ఒప్పందంలోనే రాసి ఉంటుంది కాబట్టి ‘ఇంకో వారం పొడిగిస్తారేమోలే’ అని ఆగితే నష్టపోయేది మీరే. చివరి శని ఆదివారాలకు ఊరంతా అక్కడే ఉంటుంది. కనీసం రెండు వారాల ముందే చూసెయ్యండి.

ఆన్‌గోయింగ్ అంటే ముగిసే తేదీ ప్రకటించలేదని అర్థం. సాధారణంగా ఇవి మ్యూజియం సొంత సేకరణలోంచి పెట్టినవి. గది పేరూ, గోడ మీది పరిచయమూ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. లోపలి బొమ్మలూ బట్టలూ మాత్రం కొన్ని నెలలకోసారి మారుతుంటాయి. చైనా, జపాన్ చిత్రాల గదులూ మన సూక్ష్మచిత్రాల గదీ ఇలా మారేవే. రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు, పింగాణీ ఉన్నచోటే ఉంటాయి.

వీటికి తోడు మరమ్మతులు. యూరప్ చిత్రాల విభాగంలో పైకప్పు అద్దాలు మార్చే పని 2018లో మొదలైంది. అక్కడి 45 గ్యాలరీలూ పూర్తిగా తెరుచుకునేసరికి 2023 నవంబర్ వచ్చింది. ఆఫ్రికా, ప్రాచీన అమెరికా, ఓషియానియా కళలున్న రాక్‌ఫెలర్ వింగ్ కూడా కొన్నేళ్లు మూతపడి 2025 మే 31న తెరుచుకుంది. పాత గైడ్ పుస్తకం నమ్ముకుని వెళ్తే ఇలాంటి చోట్ల మూసిన తలుపు ముందు నిలబడాల్సి వస్తుంది.

కాబట్టి ప్రదర్శన పేజీతో ఆగకుండా వస్తువు పేజీ తెరవండి. అది చూడటానికి పెట్టి ఉంటే గ్యాలరీ నంబరుతో సహా రాసి ఉంటుంది. లేకపోతే ‘నాట్ ఆన్ వ్యూ’ అని ఉంటుంది. ప్రయాణం ఖాయం చేసుకునేటప్పుడు ఒకసారి, వెళ్లే ముందురోజు రాత్రి ఇంకోసారి చూడండి. బుధవారం మ్యూజియం సెలవు. జనవరి 1, డిసెంబర్ 25, థ్యాంక్స్‌గివింగ్ రోజు, మే నెల మొదటి సోమవారం కూడా మూసేస్తారు.

ప్రశ్న: మెట్‌లో ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇచ్చి లోపలికి వెళ్లొచ్చని విన్నాం. కౌంటర్ దగ్గర మా వాళ్లకు మనిషికి 30 డాలర్లు తీసుకున్నారు. ప్రత్యేక ప్రదర్శనకు ఇంకో టికెట్ ఉంటుందా? – ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

జవాబు: మీరు విన్నది 2018 మార్చికి ముందు అందరికీ వర్తించేది. ఇప్పుడు ఇష్టమైనంత ఇచ్చే సౌకర్యం న్యూయార్క్ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకూ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్‌లలో చదువుకునే విద్యార్థులకూ మాత్రమే. న్యూజెర్సీ తెలుగు కుటుంబాలు పొరబడేది సరిగ్గా ఇక్కడే. మీ రాష్ట్రం పేరు జాబితాలో ఉన్నమాట నిజమే, కానీ అది విద్యార్థులకు. రట్గర్స్ యూనివర్సిటీలో చదివే మీ అమ్మాయి ఐడీ కార్డు చూపించి ఒక డాలర్ ఇచ్చినా చాలు. పక్కనే నిలబడ్డ మీరు పూర్తి ధర ఇవ్వాలి.

ఈ జవాబు రాసేనాటికి పెద్దవాళ్లకు 30 డాలర్లు, 65 ఏళ్లు దాటినవాళ్లకు 22, ఇతర విద్యార్థులకు 17. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఉచితం. వయసు చూపించడానికి మన పాస్‌పోర్టు చాలు.

ప్రత్యేక ప్రదర్శనలకు వేరే టికెట్ లేదు. అన్నీ ఇందులోనే. అదే రోజు నగరం ఉత్తరపు కొసన ఉన్న మెట్ శాఖ క్లాయిస్టర్స్‌కు కూడా ఈ టికెట్టే చెల్లుతుంది. బాగా జనం వచ్చే ప్రదర్శనలకు మాత్రం ఫోన్‌లో ‘వర్చువల్ క్యూ’ పెడతారు. లోపలికి వచ్చాక క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ వరుస వచ్చినప్పుడు సందేశం వస్తుంది. ముందు ఆ పని చేసి తర్వాత మిగతావి చూడండి. మధ్యాహ్నం మూడింటికి చేరితే ఆ రోజు క్యూ అప్పటికే నిండిపోయి ఉండొచ్చు.

శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా, మిగతా రోజుల్లో సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు శుక్రవారం సాయంత్రానికి మించిన వేళ లేదు.

ప్రశ్న: మాది మచిలీపట్నం దగ్గర. కలంకారీ పని చేసే కుటుంబం. మెట్‌లో గోల్కొండ కాలపు కలంకారీ రుమాలు ఉందని ఫోటో చూశాను. మా చెల్లెలు అక్కడికి వెళ్తే బయట పెట్టలేదన్నారట. అంత దూరం తీసుకెళ్లి బీరువాలో ఎందుకు పెట్టుకోవడం? – కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ రుమాలు ఇవాళ్టికీ ఉండటానికి కారణం ఆ చీకటే. లెక్క చూపిస్తాం, చూడండి.

వెలుగును లక్స్‌లో కొలుస్తారు. రంగు వేసిన నూలుబట్టకు, పట్టుకు, కాగితం మీది చిత్రాలకు మ్యూజియంలు పెట్టుకున్న హద్దు 50 లక్స్. నూనెరంగుల చిత్రాలకు 200 దాకా ఇస్తారు. రాయికి, కంచుకు ఈ బెడద లేదు. వెలుగు చేసే నష్టం కూడుతూ పోతుంది. ఇవాళ పడ్డ వెలుగు రేపు తీసెయ్యలేం, బట్టకు ‘విశ్రాంతి’ ఇచ్చినా పోయిన రంగు తిరిగి రాదు. మెట్ వారానికి 50 గంటలు తెరిచి ఉంటుంది. 50 లక్స్ చొప్పున వారానికి 2,500 లక్స్-గంటలు. ఆరు నెలలు పెడితే 65,000. మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. అంటే చీరను ఒక్క గంట దండెం మీద ఆరేస్తే తగిలే వెలుగు, ఆ గదిలో 40 వారాలు వేలాడదీస్తే తగిలే వెలుగంత. పైగా ఎండలో అతినీలలోహిత కిరణాలుంటాయి, గ్యాలరీలో వాటిని వడకడతారు.

అందుకే బట్టలను కొన్ని నెలలు చూపించి, ఏళ్ల తరబడి చీకట్లో ఉంచుతారు. ఒకటి లోపలికి వెళ్తే ఇంకొకటి బయటికొస్తుంది.

మీది ఆ పనే కాబట్టి ఇంకాస్త లోతుగా చెప్తాం. 17వ శతాబ్దపు కోరమాండల్ (మన తూర్పు తీరం) బట్టను ఎప్పుడైనా దగ్గరగా చూస్తే ఆకులు నీలంగా కనిపిస్తాయి. ఆ కాలపు పనివాడు నీలం ఆకులు వేయలేదు. నీలిమందు మీద పసుపురంగు పూసి ఆకుపచ్చ తెప్పించాడు. మొక్కల నుంచి తీసిన ఆ పసుపు వెలుగుకు అన్నిటికంటే ముందు పోయింది, అడుగున నీలిమందు నిలిచింది. ఆకు అంచున, మడతలోపల, ఎక్కడో ఒకచోట పాత పచ్చదనం ఒక గీతలా మిగిలి ఉంటుంది. దాన్ని వెతికి చూడండి.

నలుపు సంగతి వేరు. కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి ముంచిన గుడ్డ మీద కసిమితో (ఇనుము ఊరబెట్టిన ద్రావణంతో) గీత గీస్తే నల్లగా మారుతుందని మీకు మేం చెప్పక్కర్లేదు. పాలలోని కొవ్వు ఉండబట్టే గీత చెదరదు. అయితే కసిమిలోని ఇనుమూ కరక్కాయ వగరూ కలిసిన నలుపు కాలం గడిచేకొద్దీ నూలుపోగునే తింటుంది. పాత కలంకారీల్లో ఎర్రటి పువ్వు చెక్కుచెదరకుండా ఉండి, దాని చుట్టూ నల్లని గీత ఉన్నచోట గుడ్డ పొడిలా రాలిపోవడం అందుకే. చిరివేరుతో, పటికతో వచ్చిన ఎరుపు గట్టిది. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో, గవ్వల సున్నం కలిసిన చోట పెరిగిన చిరివేరు ఇచ్చే ఎరుపుకు అప్పట్లోనే పేరు. ఇలా బలహీనపడ్డ నలుపు ఉన్న గుడ్డను నిలువుగా వేలాడదీస్తే సొంత బరువుకే చిరుగుతుంది. అందుకే కాస్త వాలుగా ఉన్న బల్ల మీద పరిచి, అద్దం వేసి చూపిస్తారు.

మీరు ఫోటోలో చూసిన రుమాళ్లు 28.159 అనే నంబరుతో ఉన్నవి. 17వ శతాబ్దం మధ్యకాలానివి. కానుకల పళ్లేల మీద కప్పడానికి వాడిన గుడ్డలు. మ్యూజియం వీటిని 1928లో కొన్నది. 2015 ఏప్రిల్ 20 నుంచి జులై 26 దాకా మెట్‌లో దక్కన్ సుల్తానుల కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. గోల్కొండ, బీజాపూర్, అహ్మద్‌నగర్, బీదర్‌ల చిత్రాలూ బట్టలూ వజ్రాలూ ఒకేచోట చేర్చారు. అలాంటి సందర్భం మళ్లీ వచ్చేదాకా ఆగడం ఒక దారి.

రెండో దారి, బట్టలు చదివేవాళ్లకోసం ఉన్నది. మెట్‌లో యాంటోనియో రాట్టి టెక్స్‌టైల్ సెంటర్ అని ఒక విభాగం ఉంది. మ్యూజియం బట్టల్లో ఎక్కువ భాగం అక్కడే భద్రపరుస్తారు. పరిశోధకులు, పనివాళ్లు ముందుగా రాసి అనుమతి అడగవచ్చు. ‘కలంకారీ చూడాలి’ అని కాకుండా వస్తువు నంబరు, మీరు ఏం పరిశీలించాలనుకుంటున్నారు, మీ పని ఏమిటి అన్నవి నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయండి. ప్రతి అడిగినదానికీ ఒప్పుకుంటారని కాదు. కానీ అదే పని తరతరాలుగా చేస్తున్న కుటుంబం నుంచి వచ్చిన ఉత్తరానికి బరువు ఉంటుంది. ఆ మాట తప్పకుండా రాయండి.

ప్రశ్న: 2023లో అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ వెళ్లాయని చదివాను. తిరిగి వచ్చాయా? మన శిల్పాలు బయటికి పంపితే అక్కడే ఉండిపోవని ఏమిటి నమ్మకం? – విజయవాడ నుంచి

జవాబు: ఆ ప్రదర్శన పేరు ‘ట్రీ అండ్ సర్పెంట్’. క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 400 వరకు మన దేశపు తొలి బౌద్ధ కళ మీద పెట్టారు. 2023 జులై 21న మొదలై నవంబర్ 13న ముగిసింది. అక్కడి నుంచి దక్షిణ కొరియా వెళ్లి, సియోల్‌లోని నేషనల్ మ్యూజియంలో 2024 ఏప్రిల్ దాకా ఉంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన తోరణపు దూలాన్ని అమెరికాలో చూసినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లు దాన్ని ఇక్కడ చూసి ఉండరు. ఆ ఊరు హైదరాబాద్ నుంచి కారులో మూడు గంటల లోపే.

‘అక్కడే ఉండిపోవడం’ అన్న భయానికి మూలం పాతది. అమరావతి స్తూపం రాళ్లు 19వ శతాబ్దంలో చెదిరిపోయాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం లండన్‌కు వెళ్లింది. 120కి పైగా ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అప్పుడు జరిగింది తరలింపు. 2023లో జరిగింది గడువు రాసుకున్న అరువు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

అరువు ఎలా నడుస్తుందంటే: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురాతన వస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. ఒక్కో శిల్పానికి తాత్కాలిక ఎగుమతి అనుమతి, బీమా విలువ, తిరిగి వచ్చే తేదీ ఉంటాయి. అటువైపు అమెరికాలో 1965 నాటి చట్టం ఒకటి ఉంది. ప్రదర్శనకోసం వచ్చిన విదేశీ కళాఖండాన్ని అక్కడి కోర్టులు ఏ దావాలోనూ జప్తు చేయకుండా అది కాపాడుతుంది. వస్తువు దేశంలో అడుగుపెట్టకముందే ఆ రక్షణను ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటించాలి, తర్వాత అడిగితే కుదరదు. నష్టం జరిగితే పరిహారం ఇస్తామని అమెరికా ప్రభుత్వం హామీ ఇచ్చే పథకం 1975 నుంచి ఉంది.

ఇక రాయి ప్రయాణం. అమరావతి రాళ్లను పాలరాయి అంటుంటారు కానీ అది పలనాటి సున్నపురాయి. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న పలకను ఊహించుకోండి. సుమారు 540 కిలోలు తూగుతుంది. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడింది. మన ఇళ్లలో పరిచే నాపరాయి ఎలా పలకలుగా లేస్తుందో చూశారుగా, ఇదీ ఆ జాతిదే. దెబ్బ తగిలి విరిగే ప్రమాదం కంటే, విమానంలో, లారీలో సన్నగా అదురుతూ పొరలు విడిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకని పెట్టె లోపల రాయి ఆకారానికి సరిగ్గా కోసిన నురుగు దిమ్మెల్లో కూర్చోబెడతారు. చెక్కిన ముఖం మీద బరువు పడనివ్వరు. బయల్దేరే ముందు ప్రతి బీటనూ, ప్రతి పెచ్చునూ ఫోటో తీసి పత్రం రాస్తారు. చేరాక అదే పత్రం పక్కన పెట్టుకుని, రెండువైపుల మనుషుల ఎదుట మళ్లీ పోల్చి చూస్తారు. పెట్టె చేరగానే మూత తీయరు. కనీసం 24 గంటలు ఆ గదిలోనే వదిలేస్తారు. చల్లటి విమానంలోంచి వచ్చిన రాయిని వెంటనే తెరిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. రాయిలో ఉప్పు ఉంటే ఆ చెమ్మకు కరిగి, ఆరేటప్పుడు పైకి తేలి, చెక్కడాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది.

ఇంత జాగ్రత్త ఉంది కాబట్టే ఏర్పాట్లకు ఏళ్లు పడతాయి, ప్రదర్శన మాత్రం నాలుగు నెలల్లో ముగుస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒక్కరోజే ఉంది. ఏం చూపించాలి? – ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ నుంచి

జవాబు: అన్నీ చూపించాలనుకోవద్దు. ఆ కట్టడం సుమారు 20 లక్షల చదరపు అడుగులు. పెద్దవాళ్లతో రెండు విభాగాలు, మధ్యలో ఒక గంట విశ్రాంతి, అంతే.

మీ ఊరి నుంచి రైల్లో పెన్ స్టేషన్ చేరాక సబ్‌వే మారే చోట్ల మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులుంటే అక్కడి నుంచి టాక్సీయే మేలు. ఫోటోల్లో కనిపించే పెద్ద మెట్ల వైపు వెళ్లకండి. 81వ వీధి ఎదురుగా, ఫిఫ్త్ అవెన్యూ మీదే, నేలమట్టంలో ఇంకో ద్వారం ఉంది. అక్కడ దిగండి. చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, ముందొచ్చినవాళ్లకు ముందు. ‘నేను నడుస్తాలేవే’ అని అమ్మగారు అన్నా సరే, తీసుకోండి. అలసినప్పుడు కూర్చోవడానికి ఉంటుంది, లేనప్పుడు సంచీ పెట్టుకోవచ్చు.

అంతస్తుల లెక్కలో మనవాళ్లు తికమకపడతారు. 81వ వీధి ద్వారం ‘గ్రౌండ్ ఫ్లోర్’లో ఉంది, ‘ఫస్ట్ ఫ్లోర్’ దాని పైది. దక్షిణాసియా గ్యాలరీలు సెకండ్ ఫ్లోర్‌లో ఉన్నాయి, వాటికి లిఫ్టులో 2 నొక్కండి.

ముందు ఫస్ట్ ఫ్లోర్‌లోని గ్యాలరీ 131కి వెళ్లండి. ఈజిప్టు నుంచి వచ్చిన దెందూర్ ఆలయం అక్కడుంది. క్రీస్తుకు కొంచెం ముందు, రోమ్ చక్రవర్తి అగస్టస్ కాలంలో కట్టినది. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1960లలో రాయి రాయి విప్పారు. ఈజిప్టు దాన్ని 1965లో అమెరికాకు బహూకరించింది. 661 పెట్టెల్లో వచ్చి, 1978 నుంచి ఈ అద్దాల గదిలో ఉంది. మీ అమ్మగారికి నాగార్జునసాగర్ కట్టిన రోజులు చిన్నప్పటి జ్ఞాపకంగా ఉండి ఉంటాయి. సరిగ్గా అదే కాలంలో, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయను నీళ్లు ముంచకముందే తవ్వి, కట్టడాలను కొండ మీదికీ గట్టు మీదికీ తరలించారు. ఈ ఒక్క మాట చెప్పండి, ఆ గుడి ఆవిడకు పరాయిదిగా అనిపించదు. గది విశాలం, కూర్చునే చోట్లున్నాయి, నీళ్ల కొలను ఉంది. అరగంట ఉండండి.

తర్వాత లిఫ్టులో పైకి, చోళుల కాలపు కంచు విగ్రహాల దగ్గరికి. పదో శతాబ్దపు పార్వతి విగ్రహం ఉంది. తమిళనాడులోది. ఊరేగింపుకోసం చేసినది కాబట్టి పీఠానికి మోసే కర్రలు దూర్చే ఏర్పాటు ఉంటుంది. నడుము ఒంపు దగ్గర వస్త్రం మడతలు చూపించండి. అక్కడ దండాలు పెట్టేవాళ్లను ఎవరూ ఏమీ అనరు. పువ్వులు, కుంకుమ మాత్రం కూడదు, విగ్రహాన్ని తాకకూడదు.

ఇంటి నుంచి తెచ్చిన పులిహోర గ్యాలరీల్లో తినడానికి వీల్లేదు. వాతావరణం బాగుంటే బయట మెట్ల మీదో, వెనకాల సెంట్రల్ పార్కులోనో తినొచ్చు. మంచినీళ్ల సీసా ఫర్వాలేదు. ఆడియో గైడ్ ఫోన్‌లో ఉచితం, ఇయర్‌ఫోన్లు మీరే తెచ్చుకోవాలి. తెలుగులో లేదు కాబట్టి ఆవిడకు మీరే చెప్పాలి. ముందురోజు రాత్రి నాలుగు వస్తువుల గురించి చదువుకుని వెళ్తే చాలు.

ప్రశ్న: బొమ్మ పక్కన చీటీలో చివర నంబరు, ‘రోజర్స్ ఫండ్’, ‘గిఫ్ట్ ఆఫ్’ అని ఏవేవో ఉంటాయి. వాటితో మనకు పనేమైనా ఉందా? దొంగిలించిన విగ్రహమో కాదో వాటిని బట్టి తెలుస్తుందా? – హైదరాబాద్ నుంచి ఒక అధ్యాపకుడు

జవాబు: చీటీలో అన్నిటికంటే పనికొచ్చే గీత అదే. నంబరులో మొదటి భాగం వస్తువు మ్యూజియంలోకి వచ్చిన సంవత్సరం. 28.159.1 అంటే 1928లో నమోదైన 159వ చేర్పులో మొదటి వస్తువు. దెందూర్ ఆలయం 68.154, అంటే 1968. తర్వాతి కాలంలో వచ్చినవాటికి సంవత్సరం పూర్తిగా రాస్తారు, 1987.80.1 లాగా. నంబరు ముందు ‘ఎల్’ అనే అక్షరం ఉంటే అది అరువు వస్తువు.

‘పర్చేజ్’, ‘ఫండ్’ అంటే కొన్నది. ‘గిఫ్ట్’ అంటే ఇచ్చినది. ‘బిక్వెస్ట్’ అంటే వీలునామాలో రాసి వదిలినది. రోజర్స్ ఫండ్ వెనకున్నది న్యూజెర్సీలోని పాటర్సన్‌లో రైలింజన్లు తయారుచేసిన జేకబ్ రోజర్స్. 1901లో చనిపోతూ సుమారు 50 లక్షల డాలర్లు మ్యూజియానికి రాశాడు. మన గోల్కొండ రుమాళ్లను కొన్నది ఆ డబ్బుతోనే.

దొంగసొత్తు అన్నది చీటీ ఒక్కటీ చెప్పదు. వెబ్‌సైట్‌లో వస్తువు పేజీ కింద ‘ప్రావెనెన్స్’ అన్న భాగం తెరవాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో అక్కడుంటుంది. మీరు చూడాల్సిన హద్దు 1970 నవంబర్. సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం అప్పటిది. అమెరికా మ్యూజియంల సంఘం 2008 నుంచి ఆ నెలనే కొలమానంగా పెట్టుకుంది. వస్తువు 1970కి ముందే మన దేశం దాటిందని చూపే కాగితం ఉందా? లేక 1980లలో ఏదో గ్యాలరీలో హఠాత్తుగా తేలిందా? రెండోదైతే అనుమానించాల్సిందే. 2023 మార్చిలో మెట్ ఇలాంటి 15 శిల్పాలను భారతదేశానికి తిరిగి ఇస్తామని ప్రకటించింది. అవన్నీ ఒకప్పుడు ఒకే వ్యాపారి అమ్మినవి, అప్పటికి అతను మన దేశంలో జైలుశిక్ష అనుభవిస్తున్నాడు.

ఒక గుడి విగ్రహం మీద మీకు అనుమానం ఉంటే ఊరికే అరిస్తే పని జరగదు. పాత ఫోటో కావాలి. పాండిచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ 1950ల నుంచి గుళ్లలో తీసిన ఫోటోలు ఎన్నో విగ్రహాల జాడ పట్టించాయి. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి గుడీ తన విగ్రహాలను ముందు నుంచీ, వెనక నుంచీ, పీఠంతో సహా, పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీసి ఉంచుకోవాలి. ఈ పనికి ఒక ఫోన్, ఒక పూట చాలు. చేయని గుళ్లే ఎక్కువ ఉన్నాయి, అదే మా బాధ.

ప్రశ్న: ఫోటోలు తీసుకోవచ్చా? మా పాప బొమ్మలు వేస్తుంది, రంగులు తీసుకెళ్లొచ్చా? – డాలస్ నుంచి

జవాబు: ఫోటోలు తీసుకోవచ్చు. ఫ్లాష్, స్టాండు, సెల్ఫీ కర్ర కూడదు. అరువు వస్తువులున్న కొన్ని ప్రదర్శనల్లో అసలు ఫోటోలే వద్దంటారు, గుమ్మం దగ్గర గుర్తు ఉంటుంది. బొమ్మలకు పెన్సిల్ మాత్రమే. పెన్ను, వాటర్‌కలర్ వద్దు. వీపు సంచీని ముందుకు తగిలించుకోవాలి. తిరిగేటప్పుడు మనకు తెలియకుండా బొమ్మలకు తగిలేది అదే.

ప్రశ్న: మేం ఎప్పటికీ అమెరికా వెళ్లలేం. మా బడి గోడ మీద దక్కన్ చిత్రాలు పెద్దవిగా అచ్చు వేయించాలని ఉంది. మ్యూజియం అనుమతి తీసుకోవాలా? – సిద్దిపేట జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో మెట్ తన సేకరణలోని 3,75,000 చిత్రాలను ఎవరైనా, దేనికైనా, ఉచితంగా వాడుకునేలా వదిలేసింది. ఆ తర్వాత ఇంకా చేర్చింది. వస్తువు ఫోటో కింద ‘పబ్లిక్ డొమైన్’ అన్న గుర్తు ఉండాలి, పక్కనే దించుకునే బాణం ఉంటుంది. అరువు వస్తువులకు, ఇటీవలి చిత్రకారుల పనులకు ఆ గుర్తు ఉండదు. వాటిని వదిలెయ్యండి.

వెతికేటప్పుడు గోల్కొండ, దక్కన్, కోరమాండల్, హైదరాబాద్ అన్న మాటలు ఇంగ్లీషులో విడివిడిగా కొట్టి చూడండి. మచిలీపట్నానికి మసూలిపటం అనే పాత స్పెల్లింగు కూడా ప్రయత్నించండి. తెలంగాణ అని వెతికి ఏమీ లేదనుకోవద్దు. 2014కు ముందు రాసిన వివరాల్లో ఆంధ్రప్రదేశ్ అనే ఉండొచ్చు.

అచ్చుకు ఇచ్చే ముందు చిత్రం కొలత చూడండి. రెండడుగుల వెడల్పు పోస్టర్‌ను దగ్గర నుంచి చదవాలంటే అంగుళానికి 150 చుక్కల చొప్పున 3,600 పిక్సెళ్ల వెడల్పు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే చిత్రం కుదించుకుపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. షాపువాళ్లు రంగులు ‘బ్రైట్’ చేస్తామంటే వద్దనండి. సూక్ష్మచిత్రాల్లో బంగారం పూత ఉన్నచోట వెలుగు పెంచితే అది వట్టి పసుపు మచ్చ అయిపోతుంది. చిత్రం కింద పేరు, కాలం, చోటు, మ్యూజియం నంబరు తెలుగులో రాయించండి. ఏ పిల్లో ఆ నంబరు కొట్టి అసలు పేజీ తెరిచి చూస్తుంది.